అంగడిలో ఆత్మచింతన

పర్యూషణ దినాలలో వ్యాఖ్యానం ముగిసి ఉపాశ్రయం మెట్లు దిగేటప్పుడు మన సోదరుల నోట తరచుగా వినవచ్చే మాట ఒకటి వున్నది. “మహరాజ్ సాహెబ్ సెలవిచ్చినదంతా బాగానే వుంది. కాని ప్రొద్దున తొమ్మిదింటికి అంగడి తెరిస్తే రాత్రి తొమ్మిదింటికి గాని కట్టని మనబోటి వాళ్ళకు ధర్మానికి తీరిక ఎక్కడిదండీ?” బళ్ళారిలో విన్నా, బరంపురంలో విన్నా, సోలాపురంలో విన్నా మాట ఇదే. అనేవారు ధర్మం మీద అలక్ష్యం గలవారు కారు. గుడికి చందా అంటే అందరికంటె ముందు వ్రాసేవారే. అయినా యీ మాట అనేటప్పుడు వారి గొంతులో కొంత దిగులు వుంటుంది. అందుచేత దీనిని సాకు అని కొట్టివేయక, ఒక ప్రశ్నగా తీసుకుని విచారించడం మంచిదని నాకు తోచింది. నేను పండితుణ్ణి కాను. హైస్కూలు చదువు ముగించి పప్పుల కొట్టులో కూర్చున్నవాణ్ణి. కనుక శాస్త్ర వాదాల జోలికి పోక, కొట్టులో కూర్చున్నవానికి కనబడినంత మేరకే వ్రాస్తాను.

ఆ ప్రశ్నలో రెండు నమ్మకాలు దాగి వున్నాయి. మొదటిది, దైవం అంగడిలో లేదు, మరెక్కడో వున్నది, అక్కడికి పోతేనే మనకు సంబంధం కలుగుతుంది అన్నది. రెండవది, ధర్మం అనేది కాలం పట్టే పని, మిగిలిన పనులన్నీ తీరిన తర్వాత చేసుకోవలసినది అన్నది. ఈ రెండూ నిజమైన పక్షంలో వర్తకునికి మోక్షమార్గం మూసుకుపోయినట్లే. అవి నిజమా, కాదా అన్నదే మన విచారం.

మొదట దైవం అంటే మనం ఏమనుకుంటున్నామో తేల్చుకోవాలి. మన ఇరుగుపొరుగువారు తిరుపతి వెంకటేశ్వరస్వామికో, పూరీ జగన్నాథస్వామికో మొక్కుకుంటారు. స్వామి ఇస్తాడనీ, కాపాడతాడనీ వారి విశ్వాసం. ఆ భక్తిని మనం గౌరవిస్తాము. కాని మన జినేశ్వరుడు అట్టి దాత కాడు. రాగద్వేషాలను జయించినవాడు గదా, మనం పూజ చేస్తే సంతోషించడు, మానివేస్తే కోపగించడు. నవకార మంత్రాన్నే తీసుకోండి. అందులో ఒక్క వ్యక్తి పేరు లేదు, ఒక్క కోరికా లేదు. అరిహంతులు, సిద్ధులు, ఆచార్యులు, ఉపాధ్యాయులు, సాధువులు అనే ఐదు స్థానాలకు నమస్కారం మాత్రమే వున్నది. జీవుడు తన ప్రయత్నంతో ఎక్కదగిన మెట్లకు మనం తల వంచుతున్నామన్న మాట. అయితే ఇచ్చేవాడే లేనప్పుడు, అడగడమే లేనప్పుడు, దైవంతో సంబంధం అంటే ఏమిటి?

అనంతపురం జిల్లాలో గుంతకల్లు సమీపాన కొనకొండ్ల అనే గ్రామం వున్నది. కుందకుందాచార్యులవారి స్థలం అదేనని సంప్రదాయం చెబుతున్నది. ఆయన ‘సమయసారం’ వ్రాసిన మహనీయుడు. ఆ గ్రంథపు లోతులు నాబోటివానికి అందవు గాని, దానిని బోధించే పెద్దల వల్ల విన్న సారాంశం ఇది: శుద్ధమైన ఆత్మకు పరమాత్మకు స్వభావంలో భేదం లేదు, భేదమంతా పైన పట్టిన మకిలిలో వున్నది. మా చిన్నతనంలో కరెంటు పోతే లాంతరు వెలిగించేవారు. చిమ్నీకి మసి పడితే దీపం కొండెక్కినట్లే కనబడేది. దీపానికి ఏ లోపమూ లేదు. తుడవవలసినది చిమ్నీని. కనుక మనకు దైవంతో సంబంధమంటే ఎక్కడికో పోయి ఎవరినో కలుసుకోవడం కాదు. మసి తుడుచుకోవడమే. జినబింబం ముందు నిలబడినప్పుడు, తుడుచుకున్న వారు ఎట్లా వుంటారో మనకు కనబడుతుంది.

అయితే మసి ఎక్కడ పడుతున్నది? మన శాస్త్రాలు నాలుగు కషాయాలను చెప్పినవి. అవి క్రోధం, మానం, మాయ, లోభం. గుడిలో కూర్చున్న గంటసేపట్లో మనలను రెచ్చగొట్టేవాడు ఎవడూ లేడు. అదే అంగడిలో చూడండి. అరగంట బేరమాడి, పది సంచులు విప్పించి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయే గిరాకీ మీద క్రోధం. ఎదురుకొట్టువాడు మనకంటె పెద్ద బోర్డు పెట్టించినప్పుడు మానం. నమూనా ఒకటి చూపి సరుకు మరొకటి తూచబోయినప్పుడు మాయ. ధర ఇంకా పెరుగుతుందని గోదాము తలుపు మూసినప్పుడు లోభం. ఈ నాలుగూ పూటకు ఎన్నిసార్లు వస్తాయో లెక్క పెట్టలేము. మసి పడే చోటనే తుడుపు వుండాలి గదా. కాబట్టి అంగడి మన సాధనకు అడ్డం అన్న మాట తలక్రిందులుగా వున్నది. అసలు మన సాధనకు పరీక్ష పెట్టే చోటు అదే.

ఇక తీరిక సంగతి. సరిగా తూచడానికి ఎంత సేపు పడుతుందో, తక్కువ తూచడానికీ అంతే సేపు పడుతుంది. మెల్లగా జవాబు చెప్పడానికీ, కసిరి చెప్పడానికీ ఒకటే కాలం. ధర్మానికి వేరుగా కాలం కావాలనే మాట పూజకూ, స్వాధ్యాయానికీ వర్తిస్తుందేమో గాని, కషాయాన్ని అణచుకోవడానికి మాత్రం వర్తించదు.

ఇదంతా నేను కల్పించి చెబుతున్నది కాదు. మన చతుర్విధ సంఘంలో సాధువు, సాధ్వి, శ్రావకుడు, శ్రావిక అని నలుగురు వున్నారు. అందులో ఇద్దరు గృహస్థులే. శ్వేతాంబర ఆగమాలలో ఏడవ అంగమైన ‘ఉపాసకదశాంగం’ కేవలం పదిమంది శ్రావకుల కథలతో నిండివున్నది. అందులో మొదటివాడు వాణిజ్యగ్రామానికి చెందిన ఆనందుడు. నాలుగు కోట్ల బంగారం నిల్వలోనూ, నాలుగు కోట్లు వడ్డీ మీదనూ, నాలుగు కోట్లు యింటి సంపదలోనూ వున్నవాడు. ఒక్కొక్క మందలో పదివేల చొప్పున నాలుగు మందల పశువులు గలవాడు. మహావీరస్వామి సన్నిధిలో అతడు ఇల్లు విడిచిపెట్టలేదు. ‘ఇంతవరకే, ఇంతకు మించి వద్దు’ అని పరిమితి పెట్టుకున్నాడు. పద్నాలుగేళ్ళు శ్రావక వ్రతాలు పాలించి, తర్వాత పెద్దకొడుకుకు భారం అప్పగించి సాధనలో కూర్చున్నాడు. గృహస్థుగా వుండగానే అతనికి అవధిజ్ఞానం కలిగింది. గృహస్థునికి అంతటి జ్ఞానం కలుగదని గౌతమ గణధరులు శంకించారు. అప్పుడు మహావీరస్వామి ఏమన్నారు? ఆనందుడు చెప్పినది నిజం, నీవే పోయి క్షమాపణ కోరుకొమ్మని పంపించారు. గణధరులంతటివారు ఒక వర్తకుని యింటికి తిరిగి వచ్చి క్షమాపణ చెప్పుకున్నారు. ధర్మానికి తీరిక లేదనే సోదరులు ఈ కథను ఒకసారి తలచుకుంటే మంచిది.

మన శాస్త్రకారులు అంగడిని ఎంత దగ్గరగా చూశారో తెలియాలంటే ‘తత్త్వార్థసూత్రం’ ఏడవ అధ్యాయం చూడాలి. అచౌర్య వ్రతానికి అక్కడ ఐదు అతిచారాలు చెప్పబడినవి. దొంగతనానికి ప్రోత్సాహమివ్వడం, దొంగసొత్తు కొనడం, రాజ్య నిబంధనలను తప్పించుకుని వ్యాపారం చేయడం, తూనికలు కొలతలలో ఎక్కువ తక్కువలు చేయడం, కల్తీ సరుకు అమ్మడం. నూరేళ్ళ క్రితమో, వెయ్యేళ్ళ క్రితమో వ్రాసిన మాట కాదు, అంతకంటె ప్రాచీనం. అయినా నేటి బజారుకు అచ్చంగా సరిపోతున్నది. తెచ్చుకునేటప్పుడు ఒక తూకం, ఇచ్చేటప్పుడు ఒక తూకం అన్న విద్య అప్పుడూ వుండేదన్న మాట!

తూకం గురించి ప్రభుత్వమూ చట్టాలు చేసింది. మన పెద్దలు వీసెలు, మణుగులతో వ్యవహరించేవారు. 1956లో వచ్చిన చట్టం ప్రకారం 1958 నుండి కిలోలు అమలులోకి వచ్చాయి. ఇప్పుడు 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం 2011 ఏప్రిల్ 1 నుండి అమలులో వున్నది. ఎలక్ట్రానిక్ కాటాకు ముద్ర వేయించుకోవాలి. మంచిదే. కాని ఇనస్పెక్టరు ముద్ర కాటా మీద పడుతుంది, మనస్సు మీద పడదు. కాటా నిక్కచ్చిగా వుండి కూడా తడి సంచి తూచవచ్చు, క్రింద నాసిరకం పోసి పైన మేలురకం పేర్చవచ్చు. చట్టం ఆగిపోయిన చోటనుండి వ్రతం మొదలవుతుంది.

ఇక్కడ ఒక చిక్కు వున్నది. ఉపన్యాసాలు ఇచ్చేవారు చాలామంది ‘నిజాయితీగా వుంటే వ్యాపారం తప్పకుండా పెరుగుతుంది’ అని హామీ యిస్తారు. నేను ఆ హామీ ఇవ్వలేను. నాకు బాగా తెలిసిన ఒక వర్తకుడు మా బజారులో వున్నాడు. కందిపప్పులో కేసరిపప్పు కలపడం తేలిక, చూపులో రెండూ ఒకేవిధంగా వుంటాయి. అది దీర్ఘకాలం తింటే కాళ్ళు పడిపోయే జబ్బు వస్తుందని 1961లో దాని అమ్మకాన్ని నిషేధించారు. ఈ వర్తకుడు కలపడానికి ఒప్పుకోలేదు. ఆయన దగ్గర ఎన్నో ఏళ్ళుగా సరుకు తీసుకుంటున్న ఒక భోజనశాలవారు, మరొకరు కిలోకు కొన్ని రూపాయలు తగ్గించి ఇస్తున్నారని అటు మళ్ళారు. మళ్ళీ తిరిగి రాలేదు. ఆ నష్టం ఆయనకు ఈనాటికీ పూడలేదు. “ఏమండీ, చింతగా లేదా?” అని అడిగాను. “గిరాకీ పోయిన చింత లేకపోలేదండీ. కాని నేను తూచిన పప్పు తిని ఎవరి కాళ్ళు పడిపోతాయో అన్న చింత మాత్రం లేదు” అన్నారు.

నేను చెప్పదలచినది ఇదే. నిజాయితీ లాభసాటి గనుక పాటించాలి అంటే, అది కూడా లోభానికే మరో పేరు. లాభం రానినాడు దానిని వదలివేస్తాము. ధర్మం లాభం తెచ్చిన రోజులు వున్నాయి, నష్టం తెచ్చిన రోజులూ వున్నాయి. రెండు రోజులలోనూ చేతిలో మిగిలేది ఒకటే, మసి పట్టని చిమ్నీ. దానికి వెల కట్టుకోగలిగినవాడే నష్టాన్ని ఓర్చుకోగలడు.

వెల అనగానే పునియా శ్రావకుని కథ జ్ఞాపకం వస్తుంది. దూది ఏకులు చేసి అమ్ముకుని బ్రతికిన పేదవాడు అతడు. నరకం తప్పించుకునే ఉపాయం చెప్పమని శ్రేణిక మహారాజు మహావీరస్వామిని వేడుకున్నప్పుడు, స్వామి చెప్పిన ఉపాయాలలో ఒకటి పునియా చేసే ఒక్క సామాయిక ఫలాన్ని కొనడం. రాజు సంబరంతో పోయి వెల అడిగాడు. నాకు తెలియదు, ఉపాయం చెప్పినవారినే అడగండి అన్నాడు పునియా. స్వామి చెప్పిన మాట వర్తకుల చెవికి బాగా ఎక్కుతుంది. రాజ్యమంతా ఇచ్చినా అది దలాలీకి కూడా చాలదు, అసలు వెల ఇంకా బాకీ వుంటుంది అన్నారట.

ఈ కథలో అంతమందికి తెలిసిన భాగం ఇది. తక్కువగా చెప్పబడే భాగం మరొకటి వున్నది. ఒకనాడు పునియాకు సామాయికంలో మనస్సు నిలువలేదు. లేచి భార్యను అడిగాడట, ఇవాళ మన యింట్లోకి మనది కానిది ఏదైనా వచ్చిందా అని. ఆమె ఆలోచించి, దారిలో పడివున్న పిడకలు ఏరి తెచ్చి పొయ్యిలో పెట్టినట్లు చెప్పింది. అవి వేరొకరివై వుంటాయి, తిరిగి ఇచ్చిరా అన్నాడు. గమనించండి. సామాయికంలో మనస్సు నిలువకపోతే మనం ఏమంటాము? ఫ్యాను శబ్దమనో, పక్కవాడి దగ్గనో, సెల్‌ఫోను మోగిందనో అంటాము. పునియా వెదకినది పొయ్యిలో. నలభైఎనిమిది నిమిషాల సామాయికానికి వేరు మిగిలిన ఇరవైమూడు గంటల చిల్లర కాలంలో వున్నదని అతనికి తెలుసు.

అట్లయితే అంగడిలో నిజాయితీ చాలు, సామాయికం ఎందుకు అని యువకులు కొందరు అడుగుతున్నారు. ఇది న్యాయమైన ప్రశ్న. నా సమాధానం మన వృత్తిలోనే వున్నది. వ్యాపారం జరుగుతూండగా స్టాకు తీయగలమా? ఒకవైపు సరుకు వస్తూ, ఒకవైపు పోతూ వుంటే ఎన్ని సంచులున్నాయో తేలదు. అందుకే కొంతసేపు తలుపు వేసి లెక్క పెట్టుకుంటాము. మనస్సు కూడా అంతే. రెండు ఘడియలు, అనగా నలభైఎనిమిది నిమిషాలు, తలుపు వేసి కూర్చుంటే గాని లోపల ఎంత కోపం నిల్వ వున్నదో, ఎంత అసూయ పురుగు పట్టినదో కనబడదు. చిట్టా వ్రాసి ఆవర్జా వేయని వ్యాపారం ఎట్టిదో, ప్రతిక్రమణ లేని నిజాయితీ అట్టిది. కొన్నాళ్ళు నడుస్తుంది, ఎప్పుడు దారి తప్పిందో తెలియకుండా తప్పుతుంది. సామాయికం లేని అంగడికి కన్ను లేదు. అంగడిలోకి దిగని సామాయికానికి కాళ్ళు లేవు. కన్నూ కాళ్ళూ రెండూ వుంటేనే నడక.

ఇక పప్పుల వర్తకులకు, ధాన్యపు వర్తకులకు మరింత కష్టమైన ప్రశ్న ఒకటి వున్నది. అహింసా పరమధర్మం అంటాము, మన గోదాములో పురుగు పడుతుంది. కందులకు, పెసలకు పురుగు పడితే చాలామంది చేసేది విషవాయువు పెట్టించడం. అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలు శిక్షణ పొందినవారు మాత్రమే వాడవలసినవి, మనిషి ప్రాణానికి కూడా అపాయకరమైనవి. ఒక్క రాత్రిలో లెక్కకు అందనన్ని ప్రాణాలు పోతాయి. మరునాడు ప్రొద్దున మనం చీమను తప్పించుకుని దేరాసరం మెట్లు ఎక్కుతాము. ఇందులో విరుద్ధం లేదని ఎవరు అనగలరు?

పెద్దలు హింసను నాలుగు విధాలుగా విభజించారు. కావాలని చేసే సంకల్పీ హింస, యింటి పనులలో జరిగే ఆరంభీ, జీవనోపాధిలో జరిగే ఉద్యోగీ, ఆత్మరక్షణలో జరిగే విరోధీ. గృహస్థు మొదటిదానిని పూర్తిగా వదలాలి, మిగిలినవాటిని చేతనైనంత తగ్గించుకోవాలి. గోదాము పురుగు ఉద్యోగీ హింస క్రిందకు వస్తుంది గదా అని కొందరు నిశ్చింతగా వుంటారు. నాకు మాత్రం ‘చేతనైనంత తగ్గించుకోవాలి’ అన్న మాట దగ్గర ఆగవలసి వచ్చింది. ఎంత చేతనవుతుంది?

పురుగు ఊరికే పడదు. కొత్త కందులు పుష్య మాఘ మాసాలలో వస్తాయి. వాతావరణం వెచ్చగా వుంటే పప్పు పురుగు నెల రోజులు అటూ ఇటూగా ఒక తరం పెరుగుతుంది. గుడ్డు, పిల్ల, పెంకుపురుగు, మళ్ళీ గుడ్డు. సరుకు రెండు నెలలలో కదిలిపోతే రెండు తరాలు. పండుగల ధర కోసం పది నెలలు ఆపితే పది తరాలు, ఒక్కొక్క తరానికీ అవి ఎన్నో రెట్లు పెరుగుతాయి. ముడి కందులకు పట్టినంత త్వరగా ఆడించిన పప్పుకు పట్టదు. బాగా ఆరిన సరుకుకు పట్టినంత త్వరగా తేమ సరుకుకు పడుతుందా అంటే, ఇంకా త్వరగా పడుతుంది. కనుక పురుగు పుట్టేది సంచిలోనే అయినా, దానిని పిలిచి కూర్చోబెట్టేది మన నిల్వ. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అన్నారు. చంపకుండా వుండడం ఎట్లా అని బాధపడేకంటె, పుట్టకుండా వుండేట్లు చూసుకోవడం మేలు. తక్కువ తెచ్చి త్వరగా అమ్మడం, మూలల్లో పాత గింజ మిగలకుండా ఊడ్పించడం, తేమ చూసి కొనడం, ఆడించిన పప్పుకు మన ఆడవాళ్ళు ఇంట్లో పట్టించేటట్లు ఆముదం పట్టించడం, గాలి చొరని సంచులు వాడడం.

ఇందులో ఒక కష్టం వున్నది, దాచనక్కరలేదు. తక్కువ నిల్వ పెట్టుకున్నవానికి ధర పెరిగిననాడు పెద్ద లాభం రాదు. 2015 అక్టోబరులో కందిపప్పు చిల్లర ధర అనేక పట్టణాలలో కిలో 200 రూపాయలకు చేరింది. ప్రభుత్వం నిల్వల మీద పరిమితులు బిగించింది. ఆనాడు గోదాము నింపుకున్నవారు ఎంత గడించారో బజారంతా చెప్పుకున్నది. చిన్న నిల్వవాడు చూస్తూ కూర్చున్నాడు. కాని అదే రోజులలో కూలి చేసుకునే యింట్లో పప్పు వండడం మానివేసిన సంగతి కూడా మనకు తెలుసు. అప్పుడు నాకు ఒక విషయం స్పష్టమయింది. అహింస ఒక వ్రతం, పరిగ్రహ పరిమాణం వేరొక వ్రతం అని వేళ్ళ మీద వేరువేరుగా లెక్కపెడతాము గాని, గోదాములో అవి రెండూ ఒకటే. మితిమీరిన నిల్వ వున్న చోట పురుగూ పుడుతుంది, పేదవాని కడుపూ మాడుతుంది. నిల్వకు హద్దు పెట్టుకున్నవానికి రెండు హింసలు ఒకేసారి తగ్గుతాయి. ఆనందుడు పెట్టుకున్న పరిమితి కేవలం తన వైరాగ్యం కోసమే కాదేమో, లోకం కోసం కూడానేమో అని నాకు అనిపిస్తుంది.

సరుకు సంగతి ఇట్లా వుంటే మనుషుల సంగతి ఇంకొకటి. సంవత్సరి నాడు మనం ‘మిచ్ఛామి దుక్కడం’ చెప్పుకుంటాము. మునుపు యింటింటికీ పోయి చేతులు జోడించి చెప్పేవారు. దూరాన వున్నవారికి ఉత్తరం వ్రాసేవారు. ఇప్పుడు వాట్సాప్‌లో పూలబొమ్మ పెట్టి ఒక్క నొక్కుడుతో ఐదువందలమందికి పంపిస్తున్నాము. తప్పు అనను, దూరపువారికి అది సౌకర్యమే. కాని ఆ ఐదువందలమందిలో మనతో మాట్లాడక ఆరేళ్ళయిన తమ్ముడు వున్నాడా? భాగస్వామ్యం విడిపోయినప్పుడు మనస్సు విరిగిన బావగారు వున్నారా? నిన్న అందరి ముందు మనం కసిరిన గుమాస్తా వున్నాడా? మన సంచులు మోసే హమాలీ వున్నాడా? తగవు లేనివారిని క్షమాపణ అడగడం సుఖం. తగవున్న ఒక్కరి గుమ్మం ఎక్కడం కష్టం. మానకషాయం చిమ్నీ మీద మందంగా పేరుకున్న మసి, ఫోనుతో తుడిస్తే పోదు. గౌతమ గణధరులు నడిచి పోయినది ఇందుకే కాబోలు.

మన యింట్లో దీపావళికి రెండు అర్థాలు వున్నాయి. మహావీరస్వామి నిర్వాణం పొందిన దినం అది. ఆ మరునాటి నుండి వీర నిర్వాణ సంవత్సరం మొదలవుతుంది. కొత్త లెక్కల పుస్తకాలకు పసుపు కుంకుమ పెట్టేదీ అప్పుడే. పన్నుల లెక్క ఏప్రిల్ 1 నుండి నడిచినా, లెక్కలన్నీ కంప్యూటరులోకి పోయినా, ఒక ఎర్ర అట్ట పుస్తకం తెచ్చి మొదటి పుటలో శుభం వ్రాసే ఆచారాన్ని చాలా యిళ్ళలో మానలేదు. సమస్త పరిగ్రహాన్ని వదలి సిద్ధుడైనవాని పండుగ నాడే మనం కొత్త పరిగ్రహానికి ఖాతా తెరుస్తున్నాము! దీనిని చూచి నవ్వేవారు వుండవచ్చు. నేను మరొక విధంగా చూస్తాను. లెక్క మొదలు పెట్టేటప్పుడే లెక్కకు ముగింపు ఎక్కడో చూపించే ఏర్పాటు ఇది. ఆ మొదటి పుటలో ఈ సంవత్సరం ఎంత సంపాదించాలో కాక, ఎంత దగ్గర ఆగాలో కూడా వ్రాసుకుంటే ఆ ఆచారానికి నిండుతనం వస్తుంది.

చివరగా, ఆచరణకు వీలైన మూడు మాటలు. ఇవి కొత్తవి కావు, తీరిక లేదనే సోదరులను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నవి.

ప్రొద్దున మొదటి బేరానికి కాటా ముట్టుకునే ముందు నవకారం ఒక్కసారి మనసులో అనుకోవాలి. అర నిమిషం పట్టదు. ‘ఈ రోజు నా కాటా మీదికి వచ్చేది ఎవరి పొయ్యి మీదికో పోతుంది’ అన్న భావన దానితో వుండాలి.

నడిమధ్య కోపం వచ్చినప్పుడు జవాబు చెప్పే ముందు ఒక్క ఊపిరి ఆగాలి. ఆ ఒక్క ఊపిరి సేపే సామాయికం. ఉదయం కూర్చున్న నలభైఎనిమిది నిమిషాలు నిజంగా జరిగాయో లేదో ఇక్కడ తేలుతుంది.

రాత్రి చిట్టా కట్టే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరి మీద కోపపడ్డాను? ఎవరిని తక్కువ చేశాను? ఏ మాట నమ్మించడానికి మెలితిప్పాను? ఏది చాలదనుకున్నాను? రొక్కం కుదరకపోతే పది పైసలకైనా అర్ధరాత్రి దాకా వెదికేవాళ్ళము మనం. ఆ పట్టుదలలో సగం ఈ నాలుగు పద్దుల మీద పెడితే చాలు. పక్కన కూర్చున్న కొడుకు ఆ పద్ధతి చూస్తాడు, వానికి వేరే పాఠశాల అక్కరలేదు.

శ్రవణబెళగొళకు పోయినవారు బాహుబలిస్వామికి ఎదురుగా చిన్న గుల్లకాయి అవ్వ విగ్రహాన్ని చూసే వుంటారు. 981లో ఆ 57 అడుగుల విగ్రహాన్ని చెక్కించిన చాముండరాయడు కుండలకొద్దీ పాలతో అభిషేకం చేయిస్తే పాలు తొడల క్రిందికి దిగలేదట. ఒక ముసలి అవ్వ చిన్న కాయ డొల్లలో తెచ్చిన పిడికెడు పాలు మాత్రం పాదాల దాకా తడిపి కొండ దిగి పారినవని ఐతిహ్యం. కట్టించిన వాని గర్వం కుండలను ఆపింది, అవ్వ సరళత్వం డొల్లను నింపింది అని పెద్దలు అర్థం చెబుతారు. మనకు తీరిక తక్కువ, నిజమే. మనది చిన్న డొల్ల. కాని స్వామి పాదాలు తడవడానికి డొల్ల పెద్దది కానక్కరలేదు, అందులో నీళ్ళు కలపని పాలు వుంటే చాలును. పాలలో నీళ్ళు కలిశాయో లేదో వర్తకునికి తెలిసినంతగా మరెవరికి తెలుసు?